మడి కట్టిన బీరు

డాలస్ శివార్లలో, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు తెలుగువాళ్ళ వీధుల్లో ఈ జబ్బు ఎవరింట్లో దిగిందో కనిపెట్టడానికి తలుపు తట్టక్కర్లేదు. రెండు కార్లు పట్టే గరాజ్ ఉందనే ఆ ఇల్లు కొన్నారు. ఇప్పుడు ఆ రెండు కార్లూ జులై ఎండలో బయట మాడుతుంటాయి. లోపల, థర్మోస్టాట్ తగిలించిన ఫ్రీజర్లో, 20 డిగ్రీల చల్లదనంలో ఐదు గ్యాలన్ల బకెట్టొకటి హాయిగా కునుకు తీస్తుంటుంది. వేల డాలర్ల కారుకు లేని నీడ బార్లీ నీళ్ళకు దొరికిందంటే, ఆ ఇంటాయన బీరు కాయడం మొదలుపెట్టాడన్నమాట.

ఇది ఒక్కసారిగా ఎవరికీ సోకదు. ముందు కెమెరా వస్తుంది. ఊళ్ళో పిల్లలందరి పుట్టినరోజులకూ పిలవకుండానే ఫొటోగ్రాఫరవుతాడు. తర్వాత పొగబెట్టి మాంసం వండే స్మోకర్ వస్తుంది. ఆ పైన సైకిలు, దానికి తగ్గ బిగుతు చెడ్డీ. నలభై దాటి, గ్రీన్‌కార్డు క్యూ కదలక, ఆఫీసులో పైమెట్టు కనబడక, కొడుకు తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో విసుక్కునే దశ వచ్చేసరికి బీరు వస్తుంది. మగాడికి తన మాట వినే ప్రాణి ఒక్కటన్నా కావాలి కదా. ఈస్టు వింటుంది. వేడి సరిగ్గా ఉంటే.

చట్టం మాత్రం పూర్తిగా అతని పక్షమే. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచింది. దాన్ని ఎత్తేసినప్పుడు ఇంట్లో వైను చేసుకోవడానికి దారి విడిచారు గానీ బీరును వదిలేశారు. ఆ వదిలేసిన ముక్కను అతికించడానికి నలభై ఐదేళ్ళు పట్టింది. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెడితే 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకొచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకు మించో ఉంటే 200. పన్ను లేదు, లైసెన్సు లేదు, అమ్మకూడదు. రాష్ట్రాలు ఒక్కొక్కటే తలూపుతూ వచ్చి, చివరి రెండూ, మిసిసిపి, అలబామా, 2013లో ఒప్పుకున్నాయి. 200 గ్యాలన్లంటే 757 లీటర్లు. మన దగ్గర దొరికే 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాల్లో 1,160 పైచిలుకు. ఆలుమగలిద్దరూ కలిసి తాగుతారని శాసనకర్తలు లెక్కేసినట్టున్నారు. మనవాడి భార్య చుక్క ముట్టదు. ఆవిడ వాటా కూడా ఈయనే కానిస్తాడు. టెక్సాస్ చట్టంలో భార్యాభర్తల ఆస్తి ఉమ్మడేనట, అదొక ధైర్యం.

సరే, మొదలుపెట్టాడు. మొదటి పాఠం బార్లీది కాదు, బీరుకు చేదునిచ్చే హాప్స్‌ది కాదు. కడుగుడు.

ఈ మహానుభావుడెవరో చెప్పాలి. అమ్మమ్మ మడి కట్టుకుని వంట చేస్తుంటే వెనకనుంచి వెళ్ళి కొంగు తాకి, ఆవిడ మళ్ళీ తలస్నానం చేస్తుంటే పగలబడి నవ్వినవాడు. ఇంటర్మీడియట్‌లో హేతువాదం ఒంటికి పట్టి, దండెం మీద మడిబట్టను కర్రతో తీసే ఆ ముసలమ్మకు సూక్ష్మజీవులంటే ఏమిటో ఉపన్యాసం ఇచ్చినవాడు. ఇప్పుడు చూడండి. స్టార్ శాన్ అనే ఆమ్లద్రావణం బకెట్టు నిండా కలుపుకుని, మోచేతుల దాకా ముంచుకుని, గరాజ్ మధ్యలో నిలబడ్డాడు. బకెట్టు ముంచాడు. మూత ముంచాడు. గొట్టం, గరిటె, గరాటు, థర్మామీటర్ ముంచాడు. ఈస్టు పొట్లం కత్తిరించే కత్తెర ముంచాడు. ఆ పొట్లాన్నే ముంచాడు. నురగ నురగగా ఉంది, కడిగేద్దామంటే కూడదు. నురగను చూసి భయపడొద్దన్నది ఆ సంప్రదాయంలో మూలమంత్రం. అలాగే పోసేయాలి.

అప్పుడే ఇండియా నుంచి వచ్చిన అత్తగారు ఎండుమిరపకాయల సంచీ కోసం గరాజ్ తలుపు తీసింది.

"అత్తయ్యగారూ, అటు రాకండి! అక్కడే ఆగండి! ఏదీ ముట్టుకోకండి!"

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, తడి చేతుల్ని గాలిలోకెత్తి నిలబడ్డ అల్లుణ్ణి ఎగాదిగా చూసి, "ఏం నాయనా, మడా?" అంది.

అవును, మడే. దీనికి శాస్త్రం కూడా ఉంది, కాదనను. బార్లీ రసం సలసల కాగే గంటసేపూ ఏ ఆచారమూ అక్కర్లేదు, ఆ వేడికి ఈస్టులూ ఆమ్లం చేసే క్రిములూ చచ్చిపోతాయి. కాగింది చల్లారిన క్షణం నుంచే గొడవ. తియ్యగా, గోరువెచ్చగా, పోషకాలతో నిండిన ద్రవం. డబ్బుపెట్టి పిలిచిన ఈస్టు ఒకటే. పిలవకుండా వచ్చేవి గాలిలో తిరిగే అడవి ఈస్టులు, పాలను పెరుగు చేసే లాక్టోబాసిల్లస్ బంధువర్గం మొత్తం. ఎవరు ముందు కూర్చుంటే విస్తరి వాళ్ళది. బీరు పాడవడానికి కారణం ఈ పిలవని చుట్టాలేనని లూయీ పాశ్చర్ తేల్చి, 1876లో బీరు మీదే పెద్ద పుస్తకం రాశాడు. అంతకు ముందు ఎవరికీ ఈ సంగతి తెలియదు. బవేరియాలో 1516లో బీరుకు శాసనం రాసినప్పుడు బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప మరేదీ వాడకూడదన్నారు. ఈస్టు ఊసే లేదు. అసలు పని చేసేవాడి పేరు కాగితంలో లేకపోవడం అప్పటికే ఆచారంగా ఉంది.

అంచేత శాస్త్రంతో నాకు పేచీ లేదు. అమ్మమ్మకు క్షమాపణ ఎప్పుడు చెబుతాడన్నదే ప్రశ్న.

ఇక కాచే రోజు. శనివారం. మొదటిసారి వంటింట్లోనే. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అని ఒక డబ్బా వస్తుంది. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని నానబెట్టి, ఆ తీపినంతా చిక్కగా ఇంకబెట్టిన ముదురు గోధుమరంగు జిగురు. దాన్ని కాగే నీళ్ళలో పోసేటప్పుడు మంట తీసేయాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. మనవాడు ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, సూచనలు చదివే అలవాటు ఎప్పుడో పోయింది. జిగురు నేరుగా అడుక్కు దిగి అంటుకుంది. మాడు వాసన. ఆ కంగారులో హాప్స్ గుప్పెడు పడేశాడు. పడీ పడగానే గిన్నెలో నురగ లేచింది. లేచి, అంచు దాటి, గాజు స్టవ్వు మీదికి పొర్లి, అక్కడే నల్లగా, గట్టిగా స్థిరపడిపోయింది.

"ఏమండీ, ఈ మరక పోవట్లేదు."

"అది మరక కాదు, కేరమలైజేషన్."

"ఏదైతేనేం, మీరే గోకండి."

ఆ సాయంత్రంతో వంటింటి నుంచి బహిష్కరణ అయింది. ప్రపంచంలో ఇంటి బీరుకు గరాజ్‌తో సంబంధం ఎలా ఏర్పడిందో చరిత్రకారులు పరిశోధించాల్సిన పనేమీ లేదు, ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. గరాజ్‌లోకి మారగానే ప్రొపేన్ బర్నర్ వచ్చింది. బర్నర్ వచ్చింది గనక పెద్ద గిన్నె. పెద్ద గిన్నె ఉంది గనక డబ్బా జిగురుతో చేయడం నామోషీ అయింది. "నిజమైన బ్రూయర్ ఎక్స్‌ట్రాక్ట్ వాడడు" అని ఎవరో చెప్పారు. అంతే, బార్లీ బస్తాలు దిగాయి. వాటిని నలిపే మిల్లు దిగింది. నలిగిన మాల్టును 65 నుంచి 68 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టాలి. అందులో ఉన్న ఎంజైములే పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొడతాయి. రెండు డిగ్రీలు తగ్గితే బీరు పలచన, రెండు పెరిగితే చిక్కన. ఇంట్లో పిల్లకు ఒళ్ళు కాలితే థర్మామీటర్ ఎక్కడుందో భార్యనడిగే మనిషి, ఈ గంట మాత్రం ఒక్క డిగ్రీ కోసం కళ్ళు చిట్లించుకుని కాపలా కాస్తాడు.

ఆ పైన గంట కాచుడు, మధ్యలో హాప్స్. ముందు వేసినవి చేదునిస్తాయి, చివర్లో వేసినవి వాసననిస్తాయి. రాగి చుట్టను ముంచి చన్నీళ్ళు పారించి చల్లార్చడం. ఆ తర్వాత హైడ్రోమీటర్ పూజ. గాజు గొట్టంలో అది తేలితే 1.050 అని చూపించింది. రాసుకున్నాడు. రెండు వారాలకు 1.010. ఆ తేడాను 131.25తో గుణిస్తే 5.25 శాతం ఆల్కహాల్. ఈ లెక్క తేలాక అతని మొహంలో కనిపించిన వెలుగు పదో తరగతి ఫలితాలప్పుడు కూడా ఎవరూ చూడలేదు. షాపులో కొన్న సీసా మీద ఈ అంకె ముద్రించే ఉంటుందని ఎవరన్నా అంటే స్నేహం తెగిపోతుంది.

నన్నడిగితే ఈ మొత్తం తతంగంలో చూడదగ్గ ఘట్టం ఈస్టు పోశాక వచ్చేది. మూతకు ఎయిర్‌లాక్ అని చిన్న ప్లాస్టిక్ గొట్టం, అందులో కాసిని నీళ్ళు. లోపలి గాలి బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. పులియడం మొదలైతే ఆ నీళ్ళలోంచి బుడగ వస్తుంది. మొదటి కొన్ని గంటలు ఏమీ రాదు. మనవాడు పక్కనే మడతకుర్చీ వేసుకున్నాడు. ఫోన్ తీశాడు, పెట్టాడు. బకెట్టుకు చెవి ఆనించాడు. మూత అంచు నొక్కి చూశాడు. నొక్కితే ఒక బుడగ వచ్చింది, అది తను నొక్కినందువల్లనని తనకూ తెలుసు. అర్ధరాత్రి మళ్ళీ వచ్చాడు. ఈస్టు చచ్చిపోయిందా, వేడి ఎక్కువైందా, పొట్లం పాతదా అని ఇద్దరు మిత్రులకు ఫోన్లు. తెల్లారేసరికి "బ్లుప్". కాసేపాగి మళ్ళీ "బ్లుప్". ఇల్లంతా లేపాడు. పెళ్ళాం ప్రసవించినప్పుడు ఆఫీసు కాల్‌లో ఉన్నవాడు ఈ పురిటికి మాత్రం పక్కనే ఉన్నాడు.

అమెరికాలో ఈ విద్యకు గురువులాంటి చార్లీ పపాజియన్, కొలరాడోలోని బోల్డర్‌లో 1978లో ఇంటి బ్రూయర్ల సంఘం పెట్టిన మనిషి, అణు ఇంజనీరింగ్ చదివి బడిపంతులుగా పనిచేశాడు. 1984లో వచ్చిన అతని పుస్తకం చదివి లక్షలమంది గిన్నె పొయ్యిమీద పెట్టారు. ఆయన ఉపదేశసారం ఏమిటంటే, కంగారు పడొద్దు. తెలుగువాడికి అదొక్కటే చేతకాదు. మనకు బీరు కూడా ఎంసెట్టే.

ఖర్చు సంగతి అడక్కూడదు గానీ అడిగాను. "ఇంట్లో చేసుకుంటే చవకండీ" అన్నాడు. ఐదు గ్యాలన్లకు పన్నెండు ఔన్సుల సీసాలు యాభై చిల్లర వస్తాయి. దినుసుల వరకే చూస్తే నిజంగా చవకే. అయితే ఆ లెక్కలోకి ఫ్రీజర్ రాదు, స్టీలు ఫెర్మెంటర్ రాదు, మిల్లు రాదు, గ్యాసు బండ రాదు, సీసాలకు విసిగి కొన్న కెగ్గులూ, కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ, గోడకు కుళాయి పెట్టించిన కూలీ రావు. పాడైపోయి కాలవలో పోసినవి అసలే రావు. శనివారాలకు విలువ కట్టే ఆచారం ఆ ఇంట్లో లేదు. ఇవన్నీ తీసేశాక సీసా డాలరే పడింది. మన రాష్ట్ర బడ్జెట్లు తయారుచేసేవాళ్ళు ఇతని దగ్గర ట్రైనింగ్ తీసుకోవచ్చు.

సీసాల ఘట్టం క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే అది తనంతట తానే ముగిసింది. బీరుకు పొంగు రావాలంటే సీసాలో పోసేముందు కొంచెం చక్కెర కలపాలి, ఐదు గ్యాలన్లకు సుమారు 120 గ్రాములు. మిగిలిన ఈస్టు ఆ చక్కెర తిని గాలి పుట్టిస్తుంది, మూత ఉంది గనక గాలి బీరులోనే కరుగుతుంది. ఇక్కడ రెండు తప్పులు జరగొచ్చు. పులియడం పూర్తికాకముందే తొందరపడి సీసాల్లోకెత్తడం ఒకటి. చక్కెరను తూకం వేయకుండా చేతివాటంగా పోయడం రెండోది. మనవాడు ఏదీ సగం చేయడు, రెండూ చేశాడు. టెక్సాస్‌లో రాత్రి రెండు గంటలకు గరాజ్‌లో ఢామ్మని పేలితే ఇంటివాళ్ళకు ముందు గుర్తొచ్చేది బీరు కాదు. అత్తగారు మంచం కిందికి దూరింది. తెల్లారి చూస్తే గోడలకు గాజుపెంకులు గుచ్చుకుని ఉన్నాయి, బయట ఉన్నందుకు కార్లు మాత్రం బతికిపోయాయి.

ఇక రుచి. ఆదివారం భోజనానికి పిలిస్తే వెళ్ళాలి. వెళితే గ్లాసు చేతికొస్తుంది.

"ఎలా ఉంది బావా?"

"బాగుంది."

"చివర్లో గ్రేప్‌ఫ్రూట్ తగుల్తోందా? దేవదారు వాసన? అది కాస్కేడ్ హాప్స్. యాకిమా లోయది."

"ఆఁ, తగుల్తోంది, తగుల్తోంది."

తగిలింది మాత్రం మరొకటి. అది పైకి చెబితే ప్రమాదం, ఎందుకంటే తప్పులన్నిటికీ అతని దగ్గర రసాయనశాస్త్రం ఉంది. పచ్చి యాపిల్ వాసనొస్తే అసిటాల్డిహైడ్. వెన్న వాసనొస్తే డైఎసిటైల్. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే ఆక్సిడేషన్. వేడి ఎక్కువై పులిస్తే గొంతులో మండే ఫ్యూసెల్ ఆల్కహాల్స్. మామూలు మనిషి మొహం చిట్లించి పక్కన పెట్టేదాన్ని అతను పేరు పెట్టి పిలుస్తాడు. పేరున్న కంపు కంపు కాదు, లక్షణం.

ఆ రోజు గ్లాసులో పోసింది ఇండియా పేల్ ఏల్. మన దేశం పేరు తగిలించుకున్న ఈ బీరును మనవాళ్ళెవరూ రమ్మనలేదు. కలకత్తాలో, మద్రాసులో చెమటలు కక్కుతున్న కంపెనీ దొరల కోసం లండన్ నుంచీ, తర్వాత బర్టన్ నుంచీ ఓడలెక్కిన సరుకు. దాన్ని ఇప్పుడు ఫ్రిస్కోలో ఒక తెలుగువాడు దొరకంటే భక్తిగా కాస్తున్నాడు. కాయనివ్వండి, నాకేం.

నాకు ఒళ్ళు మండింది ఆ తర్వాత. అలమర్లోంచి ఒక సీసాను రెండు చేతులతో తీసుకొచ్చాడు. లాంబిక్ అట. బ్రస్సెల్స్ పక్కన సెన్ నది లోయలో చేస్తారట. కొన్న ఈస్టు వేయరు. కాచిన రసాన్ని రాత్రంతా వెడల్పాటి తొట్టెల్లో పైకప్పు కింద తెరిచిపెడితే, ఆ ప్రాంతపు గాలిలో ఉండే ఈస్టులే వచ్చి చేరి, పీపాల్లో ఏళ్ళ తరబడి పులియబెడతాయట. "మనిషి చెయ్యి లేదు బావా, అంతా ప్రకృతి. ఆ లోయ గాలి రుచి అది" అంటుంటే అతని గొంతు జీరబోయింది. సీసా ధరతో మా ఇంట్లో వారం కూరగాయలొస్తాయి.

"మీ ఊళ్ళో తాటితోపు ఉండేది కదా, కల్లు రుచి చూశావా ఎప్పుడన్నా?" అనడిగాను.

"ఛీ, కల్లా? కూలీలు తాగేది" అన్నాడు.

అయ్యా, ఆ తాటిచెట్టుకు ఏ కిట్టు తగిలించారు? గెల కోసి లొట్టి కడితే, చుక్క చుక్కగా కారే రసం కారుతూ ఉండగానే పులియడం మొదలుపెడుతుంది. లొట్టికి అంటుకున్న పాత ఈస్టులు, గాలిలోని ఈస్టులు, ఆ తోపు సొంత సూక్ష్మజీవులు. మీ సెన్ లోయ పెద్దలకు ఏళ్ళు పట్టే పనిని అవి పూటలో తేలుస్తాయి. పొద్దున తీపి, పదింటికి మత్తు, సాయంత్రానికి పులుపు. పులియకుండా నీరాగానే దింపాలంటే లొట్టికి సున్నం రాయాలన్నది కూడా గీత కార్మికుడికి తెలుసు. హైడ్రోమీటర్ లేదు, నాలుక ఉంది. అతను మోకు వేసుకుని ఆ ఎత్తు చెట్టును రోజూ ఎక్కి దిగుతాడు. జారితే నడుం విరుగుతుంది, లేదా ప్రాణమే పోతుంది. పడిపోయే వాళ్ళ వార్తలు తెలంగాణ జిల్లా పేజీల్లో ఏ సీజన్‌లోనైనా ఉంటాయి. అతనికీ ఒక కిట్టు వచ్చింది లెండి. తాళ్ళూ, బెల్టూ, కొక్కేలతో "కాటమయ్య రక్షణ కవచం" అని ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టింది. ఏ సంవత్సరం? 2024. అప్పటికి మనవాడి గరాజ్‌లో మూడో ఫెర్మెంటర్ మెరుస్తోంది.

బెల్జియం గాలిలో పులిస్తే కళ, బీబీనగర్ గాలిలో పులిస్తే కూలీల తాగుడు. ఈ ముక్క అతని మొహం మీదే అన్నాను. "అది వేరు బావా" అన్నాడు. ఏది వేరో ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇంకో మెట్టు దిగుదాం. మన పత్రికల్లో జిల్లా పేజీ తెరిస్తే ఒక వార్త ఉంటుంది. నాటుసారా స్థావరాలపై ఎక్సైజ్ దాడి, ఇన్ని లీటర్ల బెల్లం ఊట ధ్వంసం, నల్లబెల్లం, పటిక స్వాధీనం, ఫలానా తండాలో ఇద్దరిపై కేసు. ఫొటోలో ఒక కానిస్టేబుల్ నీలం డ్రమ్మును కాలితో తన్నుతుంటాడు. ఆ డ్రమ్ములో ఉన్నదేమిటి? తీపినీళ్ళు, ఈస్టు, కొంచెం పులిసిన వాసన. దాన్ని బట్టీకెక్కించి ఆవిరిపడితే సారా. ఎక్కించకముందు అది ఫ్రిస్కోలో ఫ్రీజర్లో పడుకున్న బకెట్టుకు సొంత చెల్లెలు.

ఇక్కడ వెటకారం కాసేపు కట్టిపెట్టాలి. సారా కొంపలు కూల్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో మొదలుపెట్టిన పోరాటాన్ని ఎగతాళి చేసే అర్హత ఏ కలానికీ లేదు. ఆ దెబ్బకే 1993 అక్టోబరులో సారా నిషేధమైంది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఇంట్లో బట్టీ పెట్టి ఆవిరిపట్టడం అమెరికాలోనూ నేరమే, కార్టర్ సంతకం ఆ పనికి వర్తించదు. కానీ ఒకటి మరిచిపోకూడదు. ఆ ఆడవాళ్ళు పగలగొట్టింది సర్కారు వేలం పాడించిన సారా దుకాణాలను. అంతకు ముందు "వారుణి వాహిని" అని పేరుపెట్టి సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరా పంచిందీ సర్కారే. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం టోకు వ్యాపారి ప్రభుత్వ కార్పొరేషనే. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి ప్రయత్నించమంటుంది, ఖజానా అమ్మకాలు పెంచమంటుంది. ఈ రెంటి మధ్యా నలిగి ఎక్సైజ్ జీపు తండా దారి పడుతుంది. అక్కడైతే ఎదురుప్రశ్న వేసేవాడుండడు.

ఈ తండా గొడవంతా ఎందుకు చెప్పానంటే, మనవాడు ఇండియాకు తిరిగొచ్చేశాడు. హైదరాబాదు కోకాపేటలో ముప్పయ్యో అంతస్తు. సరంజామా అంతా కంటైనర్లో దిగింది. బార్లీ మాల్టు, హాప్స్, ఈస్టు విడివిడిగా కొంటే ఏదీ నేరం కాదు. కలిపితేనే. కలిపాడు. బాల్కనీ పక్క గదిలో ఏసీ రాత్రింబవళ్ళు పద్దెనిమిదిలో. బస్తా మోసుకొచ్చిన వాచ్‌మన్‌ది దేవరకొండ వైపు తండా. లోపలికి రాగానే ముక్కు ఎగబీల్చాడు.

"సార్, గిది బెల్లం ఊటనే గదా?"

"కాదయ్యా, వర్ట్ అంటారు. బీరు అవుతుంది."

"మా తండల గిట్ల డ్రమ్ము పెడితె ఎక్సైజోళ్ళ జీపొస్తది సార్. మా చిన్నాయన మీద కేసు ఇంక నడుస్తనే ఉంది. వాయిదాకు పొయ్యేతందుకు రెండు మేకలమ్మిండు."

"ఇది హాబీ అయ్యా. అమ్మడానికి కాదు."

"మా చిన్నాయన గూడ గదే చెప్పిండు సార్."

మనవాడు దయామయుడు. ఒక గ్లాసు నింపి ఇచ్చాడు. వాచ్‌మన్ ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, కాసేపు పైకి చూసి, "పులిసింది సార్. పారబోయిన్రి" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ బీరు మీద ఎవరన్నా చెప్పిన నిజం అదొక్కటే. వాచ్‌మన్‌కు టేస్ట్ తెలియదని మనవాడు తేల్చేశాడు. ఆ వారమే క్లబ్‌హౌస్‌లో "క్రాఫ్ట్ బీర్: మన చేతులతో" అని ప్రసంగం పెట్టుకున్నాడు. ముందు వరుసలో ఒక రిటైర్డ్ ఉన్నతాధికారి కూర్చుని, హాప్స్ ఎక్కడ దొరుకుతాయని అడిగి, నోట్సు రాసుకున్నాడు.

ఇంత చదివాక కూడా మొదలుపెట్టాలని చెయ్యి దురదపెడితే, టెక్సాస్ వాళ్ళకు నా సలహా తేలిక. డబ్బా ఎక్స్‌ట్రాక్ట్‌తో మొదలుపెట్టండి, నామోషీ ఏమీ కాదు. పోసేటప్పుడు మంట తీయండి. చల్లారాక తాకే ప్రతిదీ కడగండి. ఏల్ ఈస్టును 20 డిగ్రీల దరిదాపుల్లో రెండు వారాలు వదిలేయండి, మాటిమాటికీ మూత తీయొద్దు. హైడ్రోమీటర్ అంకె వరసగా రెండు మూడు రోజులు కదలకపోతేనే సీసాల్లోకెత్తండి, చక్కెర తూకం వేయండి. ముదురు గోధుమరంగు సీసాలే వాడండి, వెలుతురు తగిలితే హాప్స్ కంపుకొడతాయి. చుట్టాలను బలవంతపెట్టొద్దు.

హైదరాబాదులో, విజయవాడలో ఉన్నవాళ్ళకు సలహా ఇంకా తేలిక. బీరు కాయాలంటే లైసెన్సు ఉండాలి. 2015లో తెలంగాణ తెచ్చిన మైక్రో బ్రూవరీ నియమాలు వ్యాపారానికే గాని మీ బాల్కనీకి కాదు. మిగతాదంతా 1968 నాటి ఎక్సైజ్ చట్టం కిందికే వస్తుంది, తండాలో డ్రమ్ము తన్నించింది కూడా ఆ చట్టమే. అందులో గేటెడ్ కమ్యూనిటీలకు మినహాయింపు ఇచ్చే సెక్షన్ ఏదీ లేదు.